ఆస్కార్ ఎంట్రీ: గొడవ సెప్టెంబరులో, పని మార్చిలో

సంపాదకులకు,

ఏటా సెప్టెంబరు మూడో వారమో, నాలుగో వారమో ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా మన దేశం తరఫున ఆస్కార్ 'అంతర్జాతీయ చిత్రం' విభాగానికి వెళ్లే సినిమా పేరు చెబుతుంది. 2024లో 23న 'లాపతా లేడీస్' అన్నారు, 2025లో 19న 'హోమ్‌బౌండ్' అన్నారు. ఆ సాయంత్రం నుంచే మన దగ్గర పాత పాట మొదలవుతుంది: తెలుగుకు మళ్లీ మొండిచెయ్యి అని. ఆ బాధలో న్యాయం లేకపోలేదు. 1957లో 'మదర్ ఇండియా'తో మొదలైన ఈ వరసలో ఇప్పటిదాకా తెలుగు సినిమా ఒక్కటే ఉంది, 1986 నాటి విశ్వనాథ్ గారి 'స్వాతిముత్యం'. కానీ జ్యూరీని తిట్టిపోయడంతో ఆ వారం గడిచిపోతుంది తప్ప మరుసటి ఏడాదికి ఎవరూ సిద్ధపడరు. ఈ విభాగంలో సినిమా నిలబడేదీ పడిపోయేదీ ఎక్కువగా తేదీల దగ్గర, కాగితాల దగ్గర, సబ్‌టైటిళ్ల దగ్గర. అవన్నీ మార్చిలో మొదలుపెట్టాల్సిన పనులు. చిన్న సినిమాలు తీస్తున్నవారికి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాం. కాస్త పొడుగైనా వేయండి.

ముందు నిబంధనలు. మేం చెప్పేవి 98వ ఆస్కార్‌ల నియమావళిలోవి. ఏటా ఏదో ఒకటి మారుతుంది గనుక నిర్మాత ఆ ఏటి నియమావళిని ఆస్కార్‌లు ఇచ్చే అకాడమీ వెబ్‌సైట్‌లో స్వయంగా చదువుకోవాలి, మేనేజర్ మాట మీద ఆధారపడకూడదు. సినిమా నిడివి 40 నిమిషాలు దాటాలి. అమెరికా బయట నిర్మించినదై ఉండాలి. సంభాషణల్లో సగానికి పైగా ఇంగ్లీషు కాని భాషలో ఉండాలి. దేశానికి ఒక్క సినిమాకే చోటు. 98వ అవార్డులకు ఇలా 86 దేశాల సినిమాలు అర్హత పొందాయి.

విడుదల తేదీ సంగతి మన పరిశ్రమకు మరీ ముఖ్యం. 98వ అవార్డులకు 2024 అక్టోబరు 1 నుంచి 2025 సెప్టెంబరు 30 లోపు విడుదలైన సినిమాలనే తీసుకున్నారు. దాని ముందటి ఏడాది లెక్క నవంబరు 1 నుంచి మొదలైంది. మన దసరా సీజను సరిగ్గా ఈ గీత మీద పడుతుంది. సెప్టెంబరు చివరి శుక్రవారం వచ్చిన సినిమా ఒక ఏడాదిలోకి, అక్టోబరు మొదటి వారం వచ్చినది ఇంకో ఏడాదిలోకి పోతాయి. దసరాకి వద్దామా, వారం ముందు వద్దామా అని డిస్ట్రిబ్యూటర్లతో కూర్చున్నప్పుడు ఆస్కార్ ఊసు ఎవరూ ఎత్తరు. ఎత్తాల్సిన పని అన్ని సినిమాలకూ ఉండదు, కానీ ఆశ ఉన్న సినిమాకైతే ఆ రోజే తేల్చుకోవాలి.

సినిమా హాలులో, టికెట్టు అమ్మి, వరసగా ఏడు రోజులు ఆడాలి. చిన్న సినిమా మునిగేది ఇక్కడే. శుక్రవారం నాలుగు ఆటలు ఇస్తారు, శనివారానికి రెండవుతాయి, సోమవారం మ్యాట్నీకి పది మంది కూడా లేరని షో ఎత్తేసి పక్క స్క్రీనులో ఆడుతున్న పెద్ద సినిమాకి ఇచ్చేస్తారు. అక్కడితో వరస తెగింది. వచ్చే వారం ఇంకో ఊళ్లో మూడు రోజులు వేయించి, నాలుగూ మూడూ ఏడు అంటే చెల్లదు. పర్సంటేజీ మీద ఆడే హాలు యజమానికి ఖాళీ సీట్ల కోసం ఏసీ తిప్పే ఓపిక ఉండదు, అతన్ని అని లాభం లేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక్క హాలునైనా ఏడు రోజులకు అద్దె కట్టి ముందే రాయించుకోవాలి. ఆ ఏడు రోజుల డీసీఆర్‌లు (రోజువారీ వసూళ్ల లెక్కలు), థియేటర్ల పేర్లతో పేపర్లో వేసిన ప్రకటన, ఆన్‌లైన్ బుకింగ్ పేజీల ఫొటోలు ఫైలులో పెట్టుకోవాలి. ఆరు నెలల తర్వాత అడిగితే డీసీఆర్ ఎవరి దగ్గరా దొరకదు. ఈ ఏడు రోజులకు ముందు సినిమా టీవీలో గానీ ఓటీటీలో గానీ వచ్చి ఉంటే ఇక అనర్హమే. ఓటీటీ ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు తేదీ కింద ఈ షరతు ఒక లైను రాయించుకోవాలి.

భాష నిబంధనను తేలిగ్గా తీసుకున్న దేశాలు దెబ్బతిన్నాయి. నైజీరియా 2019లో మొట్టమొదటిసారి పంపిన 'లయన్‌హార్ట్'లో ఇగ్బో సంభాషణ సుమారు 11 నిమిషాలే, మిగతాదంతా ఇంగ్లీషు. అది పక్కకు పోయింది. విచిత్రం ఏమిటంటే, 'విదేశీ భాషా చిత్రం' అన్న అవార్డు పేరును 'అంతర్జాతీయ చిత్రం' అని మార్చింది ఆ ఏడాదే. పేరు మారింది, షరతు మారలేదు. 2007లో ఇజ్రాయెల్ పంపిన 'ది బ్యాండ్స్ విజిట్'కూ ఇదే గతి పట్టింది. ఈజిప్టు వాళ్లూ ఇజ్రాయెల్ వాళ్లూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి కథలో ఇంగ్లీషే దారి. కథకు అది సహజం, నియమావళికి కాదు. దాని బదులు పంపిన 'బోఫోర్ట్'కు నామినేషన్ వచ్చింది. 2020లో కెనడా తరఫున దీపా మెహతా సినిమా 'ఫన్నీ బాయ్' కూడా ఇంగ్లీషు ఎక్కువై తప్పుకుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో నడిచే తెలుగు కథలు, హైటెక్ సిటీ ఆఫీసు కథలు తీసేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ఎడిటింగు టేబుల్ మీదే తెలుగు మాటల నిడివి ఎంత, ఇంగ్లీషు మాటల నిడివి ఎంత అని సీను వారీగా రాసుకుంటే ఒక్క రోజు పని. సగానికి దగ్గరగా తేలితే డబ్బింగులో సరిచేసుకునే వీలు ఇంకా ఉంటుంది, ఫస్ట్ కాపీ వచ్చాక ఉండదు.

పంపేవారి అర్హత కూడా చూస్తారు. సినిమాను ఎంపిక చేసే కమిటీని అకాడమీ ముందే ఆమోదించాలి, అందులో కనీసం సగం మంది సినిమా తీసే కళాకారులో సాంకేతిక నిపుణులో అయి ఉండాలి. భూటాన్ 2020లో పంపిన 'లునానా' తిరిగొచ్చింది సినిమా బాగోలేక కాదు, ఆ దేశంలో అకాడమీ గుర్తించిన కమిటీ లేక. కమిటీ వేసుకుని మరుసటి ఏడాది అదే సినిమాను పంపితే చివరి అయిదింటిలోకి వెళ్లింది. ఉరుగ్వేకు ఆ మాత్రం అదృష్టం కూడా లేదు. 1992 నాటి 'ఎ ప్లేస్ ఇన్ ద వరల్డ్'కు నామినేషన్ వచ్చాక, అది నిజానికి అర్జెంటీనా సినిమా అని తేల్చి జాబితా నుంచి తీసేశారు. సృజనాత్మక అధికారం ఎక్కువ భాగం పంపే దేశపు పౌరులదో, అక్కడ నివసించేవారిదో అయి ఉండాలన్నది షరతు. ఆ దేశంలో శరణార్థి హోదా ఉన్నవారినీ 98వ నియమావళిలో చేర్చారు.

ఇక మన ఎంపిక. ఫెడరేషన్ జ్యూరీ దేశంలో విడుదలైన సినిమాలన్నీ తిరగేసి మంచిది ఏరుకుంటుందని చాలామంది అనుకుంటారు. జ్యూరీ చూసేది నిర్మాత దరఖాస్తు పెట్టి, రుసుము కట్టిన సినిమాలనే. 2024లో 29 సినిమాలు అలా వచ్చాయి. తెలుగు నుంచి 'కల్కి 2898 ఏడీ', 'హను-మాన్', 'మంగళవారం' ఉన్నాయి. ఆ ఏడాది వచ్చిన మిగతా తెలుగు సినిమాల గురించి జ్యూరీ ఏమనుకుందని అడగడంలో అర్థం లేదు, అవి వాళ్ల ముందుకే రాలేదు. మన వైపు నుంచి దరఖాస్తులు ఎక్కువగా బాక్సాఫీసు దగ్గర ఆడిన వాటికే పడుతున్నాయి. అభిమానుల ముచ్చట తీరుతుంది, అంతే. నలుగురు కుర్రాళ్లు కలిసి కోటి లోపు తీసిన సినిమాకు ఇలాంటి దరఖాస్తు ఒకటి ఉంటుందని చెప్పే నాథుడు లేడు.

జ్యూరీ తప్పు లేదా అంటే ఉంది. 29 సినిమాలు, ఒక్కొక్కటి సగటున రెండున్నర గంటలు వేసుకున్నా 72 గంటలు దాటుతుంది. రోజుకు ఎనిమిది గంటలు చూసినా తొమ్మిది రోజులు. ఆ అలసటలో ఇరవై అయిదో సినిమా చూసే మనిషి మొదటి సినిమా చూసిన మనిషిలా ఉండడు. 2024లో 13 మంది జ్యూరీలో ఒక్క మహిళ లేకపోవడం మీద విమర్శ రావడం సబబే. అదే ఏడాది ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో రెండో పెద్ద అవార్డు గ్రాండ్ ప్రీ గెలిచిన 'ఆల్ వీ ఇమాజిన్ యాజ్ లైట్'ను మనం పంపలేదు. ఫ్రాన్స్ తన చివరి నాలుగింటిలో దాన్నీ పెట్టుకుని, చివరికి 'ఎమీలియా పెరెజ్'ను ఎంచుకుంది. ఇంకో వింత, మనం పంపిన 'లాపతా లేడీస్' అకాడమీ తొలి వడపోతలో మిగిల్చే 15 సినిమాల షార్ట్‌లిస్టులోకి రాలేదు గానీ, బ్రిటన్ పంపిన హిందీ సినిమా 'సంతోష్' వచ్చింది.

ఫ్రాన్స్ పద్ధతి నుంచి నేర్చుకోదగ్గది ఒకటుంది. అక్కడ ముందు నాలుగయిదు సినిమాలను ఏరి పేర్లు బయటపెడతారు. ఆ తర్వాత ఒక్కో సినిమా నిర్మాతను, విదేశాల్లో అమ్మే సంస్థను, అమెరికా డిస్ట్రిబ్యూటర్‌ను పిలిచి, మీరు దీన్ని అక్కడ ఎలా తీసుకెళ్తారో చెప్పండి అని అడుగుతారు. సినిమా గొప్పదైనా అమెరికాలో చూపించే దిక్కు లేకపోతే ఏం లాభమన్నది వాళ్ల లెక్క. ఆ లెక్కా తప్పుతుంది లెండి. 2023లో 'అనాటమీ ఆఫ్ ఎ ఫాల్'ను కాదని ఇంకోటి పంపారు. వాళ్లు పంపినది షార్ట్‌లిస్టు దగ్గర ఆగిపోయింది, కాదన్నది ఒరిజినల్ స్క్రీన్‌ప్లే ఆస్కార్ తెచ్చుకుంది. అయినా అడగాల్సిన ప్రశ్న అడిగారు. మన దగ్గర ఆ ప్రశ్న అడిగే ఘట్టమే లేదు.

తేదీలు చూడండి. 2025లో మన ప్రకటన సెప్టెంబరు 19న. అకాడమీకి సినిమా అందాల్సిన గడువు అక్టోబరు 1. తొలి విడత ఓటింగు డిసెంబరు 8 నుంచి 12 వరకు, 15 సినిమాల జాబితా 16న. అంటే ప్రకటన నుంచి ఓటింగు మొదలయ్యేదాకా సరిగ్గా 80 రోజులు. తొలి విడతలో అకాడమీలోని అన్ని శాఖల సభ్యులూ పాల్గొనవచ్చు, కానీ ఇన్ని సినిమాలు చూసి తీరాలన్న కనీస లెక్క ఉంటుంది. రెండో విడతలో 15 సినిమాలూ చూసినవారి ఓటే చెల్లుతుంది, దాంతో అయిదు తేలతాయి. అసలు మెలిక తొలి విడతలోనే. ఎనభై పైచిలుకు సినిమాల్లో తప్పనిసరిగా చూడమని తనకు ఇచ్చినవి కాక మిగతా వాటిలోంచి ఏది తెరవాలో సభ్యుడు పేరు విని తెరుస్తాడు. పేరు వినిపించాలంటే 80 రోజులు ఏ మూలకు చాలుతాయి? 'పారసైట్' సంగతే తీసుకోండి. 2019 మేలో కాన్‌లో అత్యున్నత అవార్డు పామ్ దోర్, ఆగస్టులో కొరియా ఫిల్మ్ కౌన్సిల్ ఎంపిక, అక్టోబరు 11న అమెరికాలో విడుదల. ఎంపికయ్యేనాటికి సినిమా సగం దూరం నడిచేసింది. 'హోమ్‌బౌండ్' 15లోకి రావడానికీ మేలో కాన్‌లో ఆడి ఉండటం సాయపడిందనే మా నమ్మకం. అయిదులోకి మాత్రం రాలేదు. 'లగాన్' తర్వాత ఈ విభాగంలో మనకు నామినేషన్ లేదు.

'ఆర్ఆర్ఆర్' విషయంలో జరిగింది ఇదే, ఇంకో దారిలో. 2022లో ఫెడరేషన్ గుజరాతీ సినిమా 'ఛెల్లో షో'ను పంపింది. కానీ 'ఆర్ఆర్ఆర్'ను అమెరికా డిస్ట్రిబ్యూటర్ జూన్ 1నే అక్కడి హాళ్లలో మళ్లీ వేశాడు. సెప్టెంబరు ప్రకటన వచ్చేసరికి అక్కడ దాని పేరు మోగుతోంది. అందుకే దేశం తరఫున కాకపోయినా జనరల్ విభాగాల్లో పోటీ పడగలిగింది, 'నాటు నాటు'కు కీరవాణి, చంద్రబోస్ ఆస్కార్ అందుకున్నారు. అది పాటకు వచ్చిన అవార్డు, అంతర్జాతీయ చిత్రానికి వచ్చినది కాదు. ఈ రెంటినీ కలిపేసి రాసేవారు ఇప్పటికీ కనిపిస్తున్నారు.

ఇక చేతిపని. కంటికి కనపడని తప్పులు ఇక్కడే ఎక్కువ.

ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు తప్పనిసరి, స్పష్టంగా చదవగలిగేలా ఉండాలి. ఒకసారికి రెండు లైన్లు, లైనుకు సుమారు 42 అక్షరాలు, సెకనుకు 15 నుంచి 17 అక్షరాలకు మించకుండా ఉంటే కన్ను అందుకుంటుంది. మన సంభాషణ వేగానికి మాటకు మాట పెడితే ఆ వేగం 25 దాటుతుంది, చదివేవాడు నటుడి ముఖం చూడలేడు. కుదించి రాయగల మనిషికి డబ్బిచ్చి పని చేయించాలి. పాటలకు సబ్‌టైటిళ్లు మానేయడం మనవాళ్ల అలవాటు. కథ పాటలో నడిచే సినిమాలు మనవి, అక్కడ అయిదు నిమిషాలు ఖాళీ వదిలితే చూసేవాడికి కథ తెగుతుంది. తెర మీద కనపడే తెలుగు రాతలు, ఉత్తరం, పోలీస్ స్టేషన్ బోర్డు, శిలాఫలకం, అన్నిటికీ లైను పెట్టాలి. తెల్ల పంచె మీద, ఎండలో సున్నం గోడ మీద తెల్ల అక్షరం కనపడదు గనుక సన్నటి నల్ల అంచు తప్పదు.

టైమింగు దగ్గర జరిగే తప్పు మరీ మోసపూరితం. ఓటీటీకి ఇచ్చిన ఫైలు చాలాసార్లు సెకనుకు 23.976 ఫ్రేములు, హాలుకిచ్చే డీసీపీ (డిజిటల్ ప్రింటు) 24. ఓటీటీకి చేసిన సబ్‌టైటిల్ ఫైలునే తెచ్చి డీసీపీకి కలిపితే పది నిమిషాల దగ్గర తేడా అర సెకను పైచిలుకు, ఎవరూ పట్టించుకోరు. అదే తేడా రెండున్నర గంటల దగ్గరికి వచ్చేసరికి 9 సెకన్లు. క్లైమాక్సులో నాయిక ఏడుస్తుంటే విలన్ డైలాగు కింద నడుస్తుంటుంది. ఫస్టాఫ్ చూసి ఓకే చెప్పి లేచిపోతే ఇది దొరకదు, చివరి ఇరవై నిమిషాలు ముందు చూడాలి. సెన్సార్ కట్‌కు ముందు చేసిన సబ్‌టైటిళ్లు వాడినా ఇదే తంటా. మధ్యలో 40 సెకన్లు కోత పడితే అక్కడి నుంచి అన్నీ 40 సెకన్లు వెనకబడతాయి.

విదేశాలకు పంపే డీసీపీ వేరుగా చేయించాలి. మన హాళ్లలో ఆడే కాపీలో సిగరెట్టు కనపడినప్పుడల్లా తెర కింద పొగాకు హెచ్చరిక ఉంటుంది, సబ్‌టైటిల్ వచ్చి దాని మీదే కూర్చుంటుంది. రెండూ చదవలేం. మొదట్లో వేసే ఆరోగ్య ప్రకటనలు, స్పాన్సర్ల లోగోలు, 'విశ్రాంతి' కార్డు, ఇవేవీ లేని మాస్టర్‌ను డీఐ (రంగులు సరిచేసే) దశలోనే పక్కన పెట్టించుకోవాలి. ఆ ప్రాజెక్టు ఫైళ్లు స్టూడియో సర్వర్‌లోంచి తీసేశాక మళ్లీ చేయిస్తే ఖర్చు రెట్టింపు. కనీస రిజల్యూషన్ 2048 బై 1080. సబ్‌టైటిళ్లు విడి ఫైలుగా కాకుండా బొమ్మలోనే ముద్రిస్తే ఏ ప్రొజెక్టర్ మీదైనా వస్తాయి. లాక్ చేసిన డీసీపీ పంపితే కేడీఎం (దాన్ని తెరిచే డిజిటల్ తాళంచెవి) గడువు తేదీ, సర్వర్ నంబరు రెండుసార్లు సరిచూడాలి. ఆ కీ పనిచేయకపోతే తెర నల్లగా ఉండిపోతుంది, జ్యూరీ తర్వాతి సినిమాకి వెళ్లిపోతుంది.

మా కోరికలు రెండే. ఫెడరేషన్ దరఖాస్తులను జూన్‌లో తెరిచి, ప్రదర్శనలను రెండు విడతలు చేసి, చివరి అయిదు పేర్లు బయటపెట్టి, ఆ నిర్మాతలను పిలిచి మాట్లాడి, ఆగస్టు ఆఖరుకు ప్రకటించాలి. సెప్టెంబరులో విడుదలయ్యే సినిమాను తేదీ ఖాయమైతే ముందే చూపించుకోనివ్వవచ్చు. తెలుగు ఫిల్మ్ ఛాంబర్ ఏటా మార్చిలో ఆ ఏటి తేదీలు, కావలసిన పత్రాలు ఒక్క పేజీ తెలుగులో అచ్చు వేసి సభ్యులందరికీ పంపాలి. రుసుము కట్టలేని చిన్న సినిమాలు రెండింటికి ఏటా ఛాంబరే కడితే దాని బడ్జెట్‌కు అదో లెక్క కాదు.

చివరిగా పత్రికలకో విన్నపం. జనవరిలో అకాడమీ ఒక అర్హుల జాబితా విడుదల చేస్తుంది. 97వ అవార్డులకు అందులో 323 సినిమాలున్నాయి, తమిళ 'కంగువా' కూడా ఉంది. అమెరికాలో నిర్ణీత నగరాల్లో విడుదలై, కాగితాలు సమర్పించిన సినిమాలన్నీ అందులో ఉంటాయి. ఎవరూ ఎంపిక చేసినవి కావు. దాన్ని చూసి 'ఆస్కార్ బరిలో' అని మొదటి పేజీలో వేయడం, తర్వాత నామినేషన్ రాలేదని అన్యాయం అనడం ఏటా జరుగుతోంది. స్క్రిప్టును అకాడమీ గ్రంథాలయం అడిగి తీసుకున్నా అదీ ఆస్కార్ వార్తే అయిపోతోంది. అర్హుల జాబితా, 15 సినిమాల షార్ట్‌లిస్టు, అయిదు నామినేషన్లు, ఈ మూడింటిలో ఏదో శీర్షికలోనే చెప్పమని మీ సినిమా పేజీ డెస్కుకు చెప్పగలరు.

ఇట్లు,
పోస్ట్ ప్రొడక్షన్, పంపిణీ రంగాల్లో పనిచేస్తున్న కొందరు పాఠకులు,
హైదరాబాద్